మోకాళ్ల మీద కూర్చుని చూడండి: ఆటోమేటిక్ పెట్ డోర్‌ను పరీక్షించుకునే పద్ధతి

అమెరికాలోనో బ్రిటన్‌లోనో సొంత ఇల్లు కొనుక్కుని, వెనక పెరడు ఉంది కదా అని ఒక కుక్కనో పిల్లినో తెచ్చుకున్న తెలుగు కుటుంబాల్లో చాలామందికి ఏదో ఒక రోజున ఆటోమేటిక్ పెట్ డోర్ కొనాలన్న ఆలోచన వస్తుంది. తెల్లవారుజామున పిల్లి తలుపు గీకుతుంటే నిద్ర లేచి తీయనవసరం లేదు, ఆఫీసులో ఉన్నప్పుడు కుక్క తనంతట తానే పెరట్లోకి వెళ్లి వస్తుంది. ఆ సౌకర్యం నిజమైనదే. అయితే ఇంటికి మనమే ఒక కన్నం పెట్టి, ఆ కన్నానికి ఒక యంత్రాన్ని కాపలా ఉంచుతున్నామన్న సంగతి మరవకూడదు. ఆ యంత్రం ఒక సంఖ్యనో సంకేతాన్నో సరిచూసి గడియ తీస్తుంది. ఆ తర్వాత కన్నంలోంచి ఎవరు దూరారో, ఎందరు దూరారో, నోట ఏం కరచుకుని దూరారో చాలా యంత్రాలు చూడవు. పెట్ డోర్ల లోపాల్లో నవ్వు పుట్టించేవైనా, భయపెట్టేవైనా ఎక్కువ భాగం ఇక్కడి నుంచే వస్తాయి.

కొనబోయేవారు ముందుగా అడిగేది హ్యాకర్ల గురించి. నా అంచనాలో హ్యాకర్ ఈ వరుసలో చివరివాడు. మొదటిది పొరుగింటి పిల్లి, రెండోది ఉత్తర అమెరికాలో తిరిగే రకూన్ అనే అడవి జంతువు, ఆ తర్వాత మన ఇంట్లోవారి అలవాట్లు, ఆ తర్వాత దొంగ చెయ్యి. జాగ్రత్తలు కూడా ఆ వరుసలోనే తీసుకుంటే డబ్బూ శ్రమా రెండూ కలిసివస్తాయి.

ముందు మీ తలుపు ఏ జాతిదో తెలుసుకోండి

పిల్లి కోసం తలుపుకు కన్నం పెట్టడం కొత్త విషయం కాదు. ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్ కెతీడ్రల్‌లో ఖగోళ గడియారం కింద ఉన్న తలుపుకు పిల్లి కోసం గుండ్రటి రంధ్రం చేసినందుకు 1598 ప్రాంతంలో వడ్రంగులకు కూలి చెల్లించినట్లు అక్కడి లెక్కల్లో ఉంది. గడియారం తాళ్లకు పూసిన కొవ్వు కోసం వచ్చే ఎలుకలను పట్టడం ఆ పిల్లి ఉద్యోగమని చెబుతారు. ఆ రంధ్రం ఎవరినీ గుర్తుపడతానని మాట ఇవ్వలేదు. ఇప్పటి తలుపులు ఆ మాట ఇస్తున్నాయి కాబట్టి, ఏ ఆధారంతో ఇస్తున్నాయో అడగాలి.

అన్నింటికన్నా బలహీనమైనది అయస్కాంతపు తలుపు. పిల్లి మెడపట్టీకి ఒక చిన్న అయస్కాంతం వేలాడుతుంది, అది దగ్గరికి రాగానే గడియ కదులుతుంది. ఏ అయస్కాంతమైనా ఒకటే కాబట్టి, వీధిలో మరో ఇంటివారు కూడా ఇలాంటి తలుపే కొంటే వారి పిల్లి మీ ఇంటికీ, మీ పిల్లి వారింటికీ యథేచ్ఛగా రాకపోకలు సాగించవచ్చు. పైగా ఆ పిల్లి పెరట్లో దొరికిన మేకులనూ పేపర్ క్లిప్పులనూ మెడకు తగిలించుకుని వస్తుంది, నీళ్లు తాగబోయి స్టీలు గిన్నెకు అతుక్కుంటుంది. ఇలాంటి తలుపు ఇంట్లో ఉంటే దానికి మెరుగులు దిద్దే ప్రయత్నం మాని మార్చేయడమే మంచిది.

శబ్దతరంగాలతో పనిచేసే తలుపులు రెండో రకం. కుక్క మెడలోని పరికరం మన చెవికి వినిపించని పౌనఃపున్యంలో సంకేతం పంపితే తలుపు తెరుచుకుంటుంది. 1956లో జెనిత్ సంస్థ తెచ్చిన స్పేస్ కమాండ్ అనే టీవీ రిమోట్ కూడా ఈ సూత్రం మీదే పనిచేసేది, తాళంచెవుల గుత్తి గలగలలాడినా ఆ టీవీల్లో చానెల్ మారిపోయేది. లోహం లోహానికి తగిలినప్పుడు వినిపించే శబ్దంతో పాటు వినిపించని శబ్దం కూడా పుట్టడమే దానికి కారణం. మీ తలుపు ఈ రకానిదైతే, కుక్కను దూరంగా ఉంచి, బయట నిలబడి తాళంచెవుల గుత్తిని, తలుపులో సంకేతాన్ని అందుకునే రిసీవర్ ముందు గట్టిగా ఆడించి చూడండి. తలుపు కదిలితే రిసీవర్ సున్నితత్వాన్ని తగ్గించండి. తగ్గించే వీలు లేకపోతే ఆ తలుపును మీరు ఇంట్లో ఉన్నప్పుడు మాత్రమే వాడండి.

మూడోది మెడలో రేడియో ట్యాగు ఉండే రకం, దాని సంగతి తర్వాత చెబుతాను. నాలుగోది, ఇప్పుడు ఎక్కువగా అమ్ముడవుతున్నది, మైక్రోచిప్ తలుపు. బియ్యపు గింజంత గాజు గొట్టంలో ఉండే చిప్‌ను పశువైద్యులు జంతువు భుజాల మధ్య చర్మం కింద ఎక్కిస్తారు. దానిలో బ్యాటరీ ఉండదు. తలుపులోని తీగచుట్ట పంపే 134.2 కిలోహెర్ట్జ్ తరంగం నుంచి శక్తి తీసుకుని అది తన 15 అంకెల సంఖ్యను చెబుతుంది. అమెరికాలో చాలాకాలం 125 కిలోహెర్ట్జ్ చిప్‌లు కూడా వేశారు కనుక, తలుపు కొనేముందు మీ జంతువు చిప్ ఏ రకానిదో వైద్యుణ్ణి అడిగి, ఆ తలుపు దాన్ని చదవగలదో లేదో నిర్ధారించుకోవాలి. ఇందులో గమనించవలసిన విషయం ఒకటుంది. చిప్ తన సంఖ్యను అడిగినవారందరికీ చెబుతుంది, దానికి రహస్యమంటూ ఏదీ లేదు. తప్పిపోయిన జంతువును ఏ ఆసుపత్రిలోనైనా గుర్తించడానికే దాన్ని అలా రూపొందించారు, ఆ పనికి అదే సరైనది. అదే సంఖ్యను ఇంటి తాళంచెవిగా వాడటం మొదలుపెట్టాక మాత్రం అది నకలు తీయగలిగిన తాళంచెవి అవుతుంది. పిల్లి పట్టే కన్నంలోంచి దూరడానికి ఎవరో నకలు చిప్ తయారుచేస్తారని నిద్ర పాడుచేసుకోనవసరం లేదు. అయితే ఆ సంఖ్యను మెడబిళ్ల మీద చెక్కించడం, ఫేస్‌బుక్‌లో పెట్టే ఫొటోల్లో చూపించడం మానండి. జంతువు తప్పిపోయినప్పుడు వేసే ప్రకటనలో చిప్ ఉందని రాస్తే చాలు. ఆ సంఖ్య బయటకు రాకుండా ఉంటే, ఆ జంతువు తమదేనని వచ్చేవారిని పరీక్షించడానికి కూడా అది పనికొస్తుంది.

పొరుగింటి పిల్లి చేసే మూడు పనులు

చాలా మైక్రోచిప్ తలుపులు లోపలికి వచ్చేటప్పుడే చిప్ చదువుతాయి, బయటికి వెళ్లడానికి అడ్డు చెప్పవు. కన్నానికి వేలాడే ఫ్లాప్ అనే రెక్కను లోపలి నుంచి తోస్తే బయటికి ఊగుతుంది, గడియ దాన్ని లోపలికి ఊగకుండా మాత్రమే ఆపుతుంది. దీన్ని కనిపెట్టడానికి పిల్లికి ఇంజినీరింగ్ చదువు అక్కర్లేదు. అది తలుపు ముందు పక్కవాటుగా కూర్చుని, ఫ్లాప్ కింది అంచుకు ఒక గోరు తగిలించి తన వైపుకు లాగుతుంది. ఫ్లాప్ అంగుళం లేస్తే ఆ సందులో ముక్కు పెడుతుంది, ముక్కు పట్టిన చోట తల పడుతుంది, తల పట్టిన చోట మిగతా పిల్లి అంతా పడుతుంది. గడియ చెక్కుచెదరదు, బ్యాటరీ ఖర్చు కాదు, యాప్‌లో చప్పుడు ఉండదు. లోపల గిన్నె మాత్రం ఖాళీ అవుతుంది.

మీ తలుపును పరీక్షించడానికి బయట మోకాళ్ల మీద కూర్చోండి. మనం నిలబడి చూసే తలుపు వేరు, జంతువు ఎత్తు నుంచి కనిపించే తలుపు వేరు. చూపుడువేలి గోరును ఫ్లాప్ కింది అంచుకూ పక్క అంచులకూ తగిలించి మీ వైపుకు లాగండి. తేలికగా వస్తే పిల్లికి అంతకన్నా తేలికగా వస్తుంది. చొరబడే పిల్లుల బెడద తయారీదారులకూ తెలిసిందే కాబట్టి, కొన్ని తలుపులకు బయటికి ఊగడాన్ని కూడా అడ్డుకునే అదనపు గడియనో ప్రత్యేకమైన అమరికనో ఇస్తారు. మాన్యువల్‌లో దాని కోసం వెతకండి. లేకపోతే, రెండువైపులా చిప్ చదివి రెండువైపులా గడియ వేసే తలుపు తీసుకోవడం శాశ్వత పరిష్కారం.

రెండో పని వెంట దూరడం. మీ పిల్లి లోపలికి వచ్చాక గడియ మళ్లీ పడటానికి కొన్ని క్షణాలు పడుతుంది. సందట్లో సడేమియాగా దాని తోక వెనకే మరొకటి వచ్చేస్తుంది. గడియ పడే వ్యవధిని మార్చుకునే వీలున్న తలుపుల్లో దాన్ని అతి తక్కువకు పెట్టండి. మీ పిల్లి బెదురు స్వభావం కలదై గుమ్మంలో ఆగి ఆలోచించేదైతే, దాని తోక నలగనంత వ్యవధి ఉంచి, మిగిలిన అపాయాన్ని రాత్రి గడియతో తగ్గించుకోండి.

మూడోది అన్నింటికన్నా నవ్వు తెప్పించేదీ, ఎక్కువ కాలం బాధించేదీ. కొత్త జంతువును చేర్చడానికి తలుపు లోపలివైపు ఒక బటన్ ఉంటుంది. దాన్ని నొక్కగానే దీపం మిణుకుతూ, ముందుగా తల పెట్టిన జంతువు చిప్‌ను తలుపు జ్ఞాపకం పెట్టుకుంటుంది. బటన్ నొక్కి, మన పిల్లిని వెతకడానికి మంచాల కింద దూరేలోగా, అవతల కూర్చున్న పొరుగు పిల్లి తల పెట్టిందంటే దానికి ఇంటి సభ్యత్వం వచ్చేసినట్లే. ష్యూర్‌ఫ్లాప్ అనే సంస్థ తలుపులు 32 జంతువుల వరకు గుర్తుపెట్టుకుంటాయి, ఆ పట్టికలో చోటుకు కొరత ఉండదు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడన్నట్లు, అప్పటి నుంచి ఆ తలుపు దాన్ని ఎంత గౌరవంగా లోపలికి పిలుస్తుందంటే, తప్పు ఎక్కడుందో ఇంట్లోవారికి అంతుపట్టదు. అందువల్ల నమోదు చేసేటప్పుడు బయటివైపు ఒక అట్టముక్క అడ్డం పెట్టండి, ముందుగా మీ జంతువును చేతికి తీసుకుని, ఆ తర్వాతే బటన్ నొక్కండి. పట్టికలో ఏవి ఉన్నాయో చూపించని తలుపు మీద అనుమానం వస్తే, జ్ఞాపకమంతా చెరిపేసి మీవాటిని మళ్లీ చేర్చడమే మార్గం. ఇంట్లో చిన్నపిల్లలుంటే వారికి ఆ బటన్ మీద దీపం చూడాలన్న సరదా పుడుతుంది, దానికి అందకుండా ఏదైనా మూత ఏర్పాటు చేయండి.

రకూన్‌ను పిల్లిగా లెక్కకట్టకండి

ఉత్తర అమెరికాలో ఉండేవారు ఈ భాగాన్ని శ్రద్ధగా చదవాలి. రకూన్ ముందుకాళ్లు చేతుల్లా పనిచేస్తాయి. 20వ శతాబ్దం తొలి దశకంలో హెచ్.బి. డేవిస్ అనే పరిశోధకుడు రకూన్లకు 13 క్లిష్టమైన తాళాలు పెట్టి చూస్తే, అవి 11 తాళాలను పదిలోపు ప్రయత్నాల్లోనే తీశాయి. అలాంటి జంతువు ముందు ప్లాస్టిక్ గడియ ఎంతసేపు నిలుస్తుందో ఊహించుకోవచ్చు. మోటారుతో పైకీ కిందికీ జరిగే తలుపుల్లో, జంతువు నలగకుండా అడ్డు తగలగానే ఆగే లేదా తిరిగి తెరుచుకునే ఏర్పాటు ఉంటే, మూసుకుంటున్న తలుపు కింద ఒక చెయ్యి పెట్టడం రకూన్‌కు చాలు. తువ్వాలును చుట్టగా చుట్టి, మూసుకుంటున్న తలుపు కింద పెట్టి మీ తలుపు ఏం చేస్తుందో చూడండి. ఆ ఏర్పాటును తీసేయవద్దు, అది మీ జంతువు ప్రాణానికి రక్ష. దానికి బదులు, చీకటి పడ్డాక మోటారును ఆపి గట్టి పలకతో కన్నాన్ని మూయండి.

అసలైన మందు గిన్నె దగ్గర ఉంది. పెట్ డోర్ పక్కనే తిండి గిన్నె పెట్టడం అంటే వాసనతో ఆహ్వానం పంపడమే. గిన్నెను ఇంటి లోపలి గదిలోకి మార్చి, రాత్రి మిగిలిన తిండిని తీసేయండి. పెరట్లో పక్షులకు వేసే గింజలనూ, చెత్తడబ్బా మూతనూ చూసుకోండి. నన్నడిగితే, ఇక్కడ చెప్పిన జాగ్రత్తలన్నింటిలోనూ పైసా ఖర్చు లేకుండా ఎక్కువ ఫలితం ఇచ్చేది ఇదే.

ఎంత జాగ్రత్తపడినా రకూనో, దుర్వాసన చిమ్మే స్కంకో లోపలికి వచ్చిందనుకోండి. దాన్ని మూలకు తరమకండి, పట్టుకునే ప్రయత్నం అసలే చేయకండి. పిల్లలనూ పెంపుడు జంతువులనూ వేరే గదిలోకి పంపి, బయటి తలుపులు బార్లా తీసి, దాని దారిన దాన్ని పోనివ్వండి. పోకపోతే స్థానిక జంతు నియంత్రణ విభాగానికి ఫోన్ చేయండి. అమెరికాలో రేబిస్ మోసే అడవి జంతువుల్లో గబ్బిలాలు, రకూన్లు, స్కంకులు, నక్కలు ముఖ్యమైనవి. కరిచినా గీరినా గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటితో 15 నిమిషాలు కడిగి, అదే రోజు వైద్యుడి దగ్గరికి వెళ్లాలి. రకూన్ మలంలో మనుషులకు ప్రమాదకరమైన నులిపురుగు గుడ్లు ఉండవచ్చు కాబట్టి, దాన్ని చేతితొడుగులు లేకుండా ముట్టుకోకూడదు.

హైదరాబాద్ శివార్ల విల్లాల్లో ఇలాంటి తలుపులు పెట్టించుకుంటామని అడిగే బంధువులు నాకున్నారు. వారికి చెప్పే మాట ఒక్కటే. అక్కడ రకూన్ లేదు, కోతి ఉంది. కోతులు తిరిగే పేటలో ఇంటికి కన్నం పెట్టించవద్దు.

అనుమతి ఉన్న పిల్లి, అనుమతి లేని సామాను

మన పిల్లే, మన చిప్పే, తలుపు సరిగ్గానే పనిచేసింది. కానీ నోట్లో బతికున్న ఎలుక ఉంది. ఈ లోపాన్ని సియాటిల్‌లో అమెజాన్‌లో పనిచేసే బెన్ హామ్ అనే ఉద్యోగి తీవ్రంగానే తీసుకున్నారు. మెట్రిక్ అనే తన పిల్లి చంపిన జంతువులను ఇంట్లోకి తెస్తుంటే, ఆయన తలుపు దగ్గర కెమెరా పెట్టి, వేలాది ఫొటోలతో కంప్యూటర్‌కు శిక్షణ ఇచ్చి, నోట్లో వేట కనిపిస్తే తలుపు 15 నిమిషాలు మూసుకునేలా చేశారు. దానితోపాటు పక్షుల సంరక్షణకు పనిచేసే ఆడుబాన్ సొసైటీకి విరాళం కూడా దానంతటదే వెళ్లేది. 2019లో ఆయన దీన్ని ఒక సభలో వివరించారు. ఐదు వారాల పరీక్షలో పిల్లి అన్యాయంగా బయట నిలిచిపోయింది ఒక్కసారే, వేటతో లోపలికి రాగలిగిందీ ఒక్కసారే. ఈ పని చేసిపెట్టే తయారు తలుపులు కూడా ఇప్పుడు మార్కెట్లోకి వచ్చాయి. అంత ఖర్చు వద్దనుకుంటే, పిల్లులు ఎక్కువగా వేటాడే సంధ్యవేళల్లో, తెల్లవారుజామున తలుపును బయటి నుంచి లోపలికి రానివ్వకుండా పెట్టి, మీరే చూసి తీయండి.

ట్యాగు, మంచం, దొంగ చెయ్యి

రేడియో ట్యాగు తలుపుల్లో పెద్ద లోపం కుక్క పడుకునే చోటు. మెడలో ట్యాగు ఉన్న కుక్క తలుపుకు మూడు నాలుగు అడుగుల దూరంలో పడుకుంటే, కొన్ని తలుపులు కుక్క వచ్చిందనుకుని రాత్రంతా గడియ తీసే ఉంచుతాయి. కుక్క గురక పెడుతుంటుంది, ఇల్లు తెరిచి ఉంటుంది. ట్యాగును చేతిలో పట్టుకుని, గడియ తీసిన చప్పుడు ఎంత దూరంలో వినిపిస్తుందో నేల మీద సుద్దముక్కతో గీయండి. కుక్క పరుపు ఆ గీత బయటే ఉండాలి. పక్క గదిలో గోడకు ఆనుకుని పడుకున్నా రేడియో తరంగం గోడ దాటుతుందన్నది గుర్తుంచుకోండి.

పెద్ద కుక్కల కోసం అమ్మే తలుపుల్లో దాదాపు 14 అంగుళాల వెడల్పు, 24 అంగుళాల ఎత్తు ఉన్నవి ఉన్నాయి. అందులోంచి సన్నటి మనిషి దూరగలడు. కొలతలు తీసేటప్పుడు కుక్కకు ఇబ్బంది లేని అతి చిన్న పరిమాణం ఎంచుకోండి. పిల్లి కన్నంలోంచి మనిషి దూరలేడు కానీ చెయ్యి దూరుతుంది. నేల మీద పడుకుని, కన్నంలోంచి చెయ్యి భుజం దాకా పెట్టి, తలుపు గడియ, లోపలి తాళంచెవి, గోడకు వేలాడే కారు తాళాలు అందుతాయేమో చూడండి. చేతిలో ఒక కర్ర ఉంటే ఇంకెంత దూరం అందుతుందో కూడా చూడండి. అందుతున్నవాటిని వేరే చోటికి మార్చండి. కన్నాన్ని తలుపుకు కాకుండా గోడకు పెట్టించగలిగితే ఈ బాధ చాలావరకు పోతుంది. లోహపు తలుపు మైక్రోచిప్ చదవడానికి కూడా ఆటంకమే.

ఇక్కడ నవ్వుకు తావులేని విషయం ఒకటి చెప్పాలి. కుక్క తలుపులోంచి బయటికి పాకి, పెరట్లోని ఈతకొలనులో మునిగి చనిపోయిన పసిపిల్లల ఘటనలు అమెరికాలో నమోదయ్యాయి. కొలను ఉన్న ఇంట్లో, నడక వచ్చీరాని పిల్లలుంటే పెద్ద పెట్ డోర్ పెట్టవద్దు. ఇదివరకే ఉంటే గట్టి పలకతో మూసి తాళం వేయండి, కొలను చుట్టూ నాలుగువైపులా కనీసం నాలుగు అడుగుల కంచె, దానంతటదే మూసుకునే గేటు పెట్టించండి.

చివరగా ఇంటర్‌నెట్

యాప్‌తో నడిచే తలుపు అయితే, పెట్టెలో వచ్చిన పాస్‌వర్డ్‌ను మొదటి రోజే మార్చండి. 2016లో మిరాయి అనే హానికర ప్రోగ్రాం లక్షలాది కెమెరాలనూ రూటర్లనూ లొంగదీసుకున్నది ఇలా మార్చకుండా వదిలేసిన పాస్‌వర్డ్‌లతోనే. కాలిఫోర్నియాలో 2020 జనవరి 1 నుంచి, బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి అందరికీ ఒకే పాస్‌వర్డ్‌తో ఇలాంటి పరికరాలు అమ్మడాన్ని చట్టాలు అడ్డుకుంటున్నాయి కానీ, పాత తలుపులు ఇంకా గోడల్లో ఉన్నాయి. తలుపును మీ ఫోన్లూ కంప్యూటర్లతో కలవని గెస్ట్ వైఫైలో ఉంచండి, రెండంచెల లాగిన్ ఉంటే పెట్టుకోండి, సెలవులకు కుక్కను చూసుకోవడానికి వచ్చినవారికి ఇచ్చిన అనుమతిని వారు వెళ్లిన రోజే తీసేయండి. కుక్క ఎప్పుడు వెళ్లింది, ఎప్పుడు వచ్చింది అన్న పట్టిక ముచ్చటగా ఉంటుంది కానీ, ఇల్లు ఎప్పుడు ఖాళీగా ఉంటుందో కూడా అదే చెబుతుంది. దాన్ని బయట పంచుకోకండి.

సంస్థ సర్వర్ ఆగిపోయిన రోజున ఏమవుతుందన్నది కూడా భద్రతలో భాగమే. 2020 ఫిబ్రవరిలో పెట్‌నెట్ అనే సంస్థ సర్వర్లు కొన్ని రోజులు పనిచేయక, తిండి పెట్టే దాని యంత్రాల మీద ఆధారపడిన పెంపుడు జంతువులకు వేళకు తిండి అందని పరిస్థితి వచ్చింది. మీరు ఇంట్లో ఉన్న ఒక సెలవు రోజున రూటర్ ఆపి చూడండి, ఆ తర్వాత బ్యాటరీలు తీసి చూడండి. తలుపు తెరుచుకుని నిలిచిపోతుందా, మూసుకుని నిలిచిపోతుందా అన్నది ఆ రోజే తెలుస్తుంది. మంచు కురిసే ఊళ్లో మూసుకుపోయే తలుపు ప్రమాదం, రకూన్లున్న ఊళ్లో తెరుచుకుపోయే తలుపు ప్రమాదం. ఏదైనా సరే, తిరిగి రావడానికి ఆలస్యమయ్యే రోజున తలుపు చూసి రాగల పొరుగువారు ఒకరుండాలి. సెన్సర్ మీద సాలెగూడు పట్టినా అది మాటిమాటికీ మేల్కొని బ్యాటరీ తినేస్తుంది కాబట్టి, సొరంగంలా ఉన్న లోపలి భాగాన్ని తడిగుడ్డతో అప్పుడప్పుడు తుడవండి.

పెట్ డోర్ ఉన్న పాత ఇల్లు కొన్నవారు తాళాలు మార్పించినప్పుడే తలుపు జ్ఞాపకాన్ని కూడా చెరిపేయాలి. యాప్ ఉంటే పాత యజమాని ఖాతా నుంచి తలుపును తొలగింపజేసుకోవాలి. ఇల్లు మారిన పిల్లులు, కొత్త ఇల్లు దగ్గరలోనే ఉంటే, పాత ఇంటికి తిరిగి రావడం తరచుగా జరిగేదే. అలా వచ్చిన పిల్లిని ఆ తలుపు మీకన్నా పాత పరిచయస్తురాలిగానే లెక్కకట్టి లోపలికి రానిస్తుంది. ఇల్లు అమ్మేవారు కూడా ఇదే పని చేసి, చెరిపే పద్ధతి ఉన్న మాన్యువల్‌ను కొత్తవారి చేతికి ఇచ్చి వెళ్లాలి.